నాలుగో ఇంజెక్టర్

నంద్యాలలో ఆడవాళ్లకు కారు తోలడం నేర్పే సుష్మకు ముక్కు మీద కోపం అని పేరు. ఆమెనడిగితే తనకు కోపం మామూలుగానే ఉందనీ, చుట్టూ ఉన్నవాళ్లకే తెలివి మరీ ఎక్కువనీ చెబుతుంది. ఆమె చెప్పేదాంట్లో అబద్ధం లేదు. కొత్తగా స్టీరింగ్ పట్టుకున్న ఇల్లాలికి గట్టు మీద నిలబడి మొగుడు సలహాలిస్తాడు. ఆ మొగుడికి స్కూటర్ స్టాండు వేయడం కూడా రాదు. రోడ్డు పక్క బజ్జీలు వేసే ఆయన గరిటెను స్టీరింగులా గాల్లో తిప్పుతూ ఇంకొంచెం కోయమ్మా, ఇంకొంచెం కోయమ్మా అంటాడు. వీళ్లందరినీ పళ్లు కొరుక్కుంటూ భరించిన సుష్మ, ఆ శనివారం మాత్రం నడిరోడ్డు మీద కారు దిగి టైరును ఒక తన్ను తన్నింది.

కారుకు నెల రోజులుగా ఒంట్లో బాగాలేదు. ఆగినచోట చలిజ్వరం వచ్చినట్టు వణికేది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే ఠక్కున ఆగిపోయేది. ఆదివారం ఆదివారం బాగు చేయించాలనుకోవడం, ఆ ఆదివారం ఎవరో ఒకరు క్లాసు కావాలనడం, ఇట్లా జరిగిపోయింది. ఉన్న కారు అదొక్కటే. మొగుడు హరీష్ విత్తనాల కంపెనీ పని మీద ఊళ్లు పట్టుకుని తిరుగుతాడు, ఫోన్లో అడిగితే షెడ్డుకు తోలు అంటాడు తప్ప ఇంకేమీ అనడు. అందుకని సుష్మ తన దగ్గర నేర్చుకునేవాళ్లకు ఒకటే మంత్రం చెప్పింది: రేసు మీంచి కాలు తీయొద్దు, గట్టిగా రేసు ఇచ్చినాకే క్లచ్చు వదలండి. వాళ్లూ అట్లాగే నేర్చుకున్నారు. నంద్యాల వీధుల్లో ఆ కారు రంకె వేసుకుంటూ తాబేలు నడక నడవడం జనానికి అలవాటైపోయింది.

నేర్చుకునేవాళ్లలో ఎలిజబెత్ టీచర్ ఒకరు. నలభై దాటిన మనిషి. బళ్లో పిల్లలు ఆమె చూపుకే వణుకుతారు. స్టీరింగ్ ముందు మాత్రం ఆమే వణుకుతుంది. లైసెన్సు పరీక్షలో రెండుసార్లు తప్పింది. సోమవారం మూడోసారి. ఆమె భర్త ప్రదీప్‌కు షుగర్ కళ్లకొచ్చింది. ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండో కంట్లో మసక మిగిలింది. ఇక స్టీరింగ్ ముట్టుకోవద్దని డాక్టర్ చెప్పినప్పటి నుంచి ఆయన ఇల్లు కదలడం లేదు. ఆటోలో ఎక్కించి ఆసుపత్రికి తీసుకుపోతే తానొక సామానుమూటలా ఉన్నానని బాధపడతాడు. వాళ్ల కారు గుడ్డ కప్పుకుని ఇంటి ముందు పడి ఉంది. ఈసారి కూడా టీచరమ్మ తప్పితే అమ్మేద్దామని ఆయన తేల్చి చెప్పాడు. పగిడ్యాల నుంచి ఒకాయన వచ్చి చూసుకుని, సోమవారం సాయంత్రం మళ్లీ వస్తానని చెప్పి పోయాడు కూడా. కారు పోతే ఈ మనిషి ఇక గడప దాటడని ఎలిజబెత్ భయం. ఆ మాట ఆమె సుష్మకొక్కదానికే చెప్పుకుని ఏడ్చింది. నువ్వు పాసయ్యే పూచీ నాదక్కా అని సుష్మ మాటిచ్చేసింది. కోపం ఉన్నవాళ్లకు ఇదొక జబ్బు, మాట కూడా తొందరగానే ఇచ్చేస్తారు.

అట్లాంటి సోమవారం ముందర శనివారం నాడు కారు పూర్తిగా మొండికేసింది. మెకానిక్ మాబాషా బానెట్ మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని విని, ఇంజెక్టర్లు మూసుకుపోయాయన్నాడు. ఇంజన్లోకి పెట్రోలును తుంపరగా చల్లే చిన్న గొట్టాలవి. విప్పి కర్నూలు పంపితే మిషన్లో కడిగి ఇస్తారట. రేపు ఆదివారం కదా, బుధవారానికి వస్తాయి లేమ్మా అన్నాడు చల్లగా. ఇంకొకరి కారు అడుగుదామంటే ఎలిజబెత్‌కు సీటు కవరు మారినా కాళ్లాడవు. ఆమె సొంత కారుకు ఇన్సూరెన్సు ఎప్పుడో అయిపోయింది, పైగా లైసెన్సు వచ్చేదాకా దాన్ని ముట్టుకోవద్దని ప్రదీప్ ఆంక్ష. సుష్మకు తల గోడకు కొట్టుకోవాలనిపించింది.

సరిగ్గా అప్పుడే ఆళ్లగడ్డ నుంచి నాయన ఫోను చేశాడు. సుబ్బరాయాచారి పేరున్న శిల్పి. ఆయన చెక్కిన ఆంజనేయస్వాములు కొలిమిగుండ్ల దాకా ఊరూరా నిలబడి ఉన్నారు. ఆ పేరుతోనే వచ్చింది చిక్కు. రాతిలోంచి దేవుణ్ణి తీసేవాడికి లోకంలో ఇంకే పని రాకపోతుంది అని ఆయన నమ్మకం. కూతురికి పెళ్లి చేసినప్పుడు వంటవాళ్లకు పొయ్యి పెట్టడం నేర్పాడు, ఇంటికి కరెంటు పనికొచ్చినవాడికి వైరు పట్టుకోవడం నేర్పాడు. కూతురు కారు కొన్న కొత్తలో మాబాషా షెడ్డుకు పోయి రెంచి ఎట్లా పట్టాలో చెప్పి, అతను నవ్వితే, తుప్పు తుడుచుకునే చేతులు నీవి, చేతి పని నీకేం తెలుసు అని నలుగురిలో అనేశాడు. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఇంజెక్టర్ల సంగతి వినగానే ఆయన, కర్నూలెందుకు, ఈడికి తోలకరా, ఇంటికాడే కడుగుదాం అన్నాడు.

సుష్మ కూడా ఫోన్లో వీడియోలు చూసి ఉంది. ఇంట్లోనే కడుక్కోవచ్చని తెలుసు. నంద్యాలలో ఆమెది మేడ మీద అద్దె పోర్షను, కారు వీధిలో నిలుపుతుంది. ఆళ్లగడ్డలో నాయన పని చేసే విశాలమైన ఆవరణ ఉంది. పైగా ఆమె ఒక లెక్క వేసుకుంది. మర్నాడు అమావాస్య. అమావాస్య నాడు నాయన ఉలి ముట్టడు, తిని పడుకుంటాడు, తన పని తాను ప్రశాంతంగా చేసుకోవచ్చు. అట్లా అనుకుని బయలుదేరింది. శిరివెళ్ల దాటేలోపల కారు ఎన్నిసార్లు ఆగిందో ఆమె లెక్కపెట్టలేదు, తిట్టుకోవడంలోనే సరిపోయింది.

ఆదివారం పొద్దున్నే ఆ లెక్క తప్పింది. నాయన స్నానం చేసి, తలకు గుడ్డ చుట్టి, కారు ముందు నిలబడి ఉన్నాడు. సెలవు రాతికేగాని ఇనుముకు కాదట. మామూలు రోజైతే సగం పొద్దు చెక్కుడు పనిలో ఉండేవాడు, ఇప్పుడు రోజంతా ఆమెకే ఖాళీ. గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదే.

సుష్మ పని మొదలుపెట్టింది. పెట్రోలు పంపు ఫ్యూజు పీకి, ఇంజన్ను తిప్పి, గొట్టాల్లో ఉన్న ఒత్తిడి పోగొట్టింది. తర్వాత బ్యాటరీ వైరు విప్పింది. అదెందుకు ముందు చేయలేదని నాయన అడిగాడు. చెప్పింది. ఆయన తల పంకించి, నేనైతే అది ముందు విప్పేవాణ్ణి అన్నాడు. బోల్టులు విప్పుతుంటే ఏ బోల్టు ఎటు తిప్పాలో చెప్పాడు. అప్పటికే తిప్పేసినవాటికి కూడా చెప్పాడు. మధ్యలో బీడీ తీసి చెవి వెనక నుంచి నోట్లోకి మార్చుకుంటే ఆమె లాగి అవతల పారేసింది. పెట్రోలుందిక్కడ అంటే, నేను ముట్టించలేదు గదా, ఊరికే పెట్టుకున్నా అని చిన్నబుచ్చుకున్నాడు.

ఇంజెక్టర్లు బయటికొచ్చాయి. ఒక ఇనప గొట్టానికి నాలుగు, ఆవు పొదుగుకు చన్నుల్లా. ఒక్కోదాన్ని ఊడదీసి, పాత మోటారు సైకిల్ బ్యాటరీని దూరంగా పెట్టి, రెండు పొడవు వైర్లు లాగి తగిలించింది. వైరు తగిలినప్పుడల్లా లోపల టక్కుమని తెరుచుకుంటుంది. అప్పుడు మందుల షాపు సిరంజితో కడిగే మందును లోపలికి కొట్టాలి. మొదట్లో చుక్క పడలేదు. రెండో వైపు నుంచి వెనక్కి కొట్టి చూసింది. కింద పెట్టిన పింగాణీ ప్లేటులోకి బూడిద రంగు నీళ్లు కారాయి.

ఆమె ఆ అడుగున పేరుకున్నదాన్ని వేళ్ల మధ్య నలిపి చూసింది. జిడ్డు లేదు. పౌడరు లాగా మెత్తగా ఉండి, చివర సన్నగా గరగరలాడింది. ఇది ఆమెకు తెలిసినంతగా లోకంలో ఇంకెవరికీ తెలియదు. పుట్టినప్పటి నుంచి జుట్టులోంచి, పక్కబట్టల్లోంచి, అన్నం కంచంలోంచి దులుపుకున్న పొడి. నాయన చెక్కే నల్లరాతి పొడి.

"నాయనా, నా కార్లో పెట్రోలు ఎవురు పోసినారు?"

"నేనే. నువ్వొచ్చినప్పుడల్లా పోస్తాండా గదా."

"యాడిది?"

ఆయన గడ్డంతో షెడ్డు మూలకు చూపించాడు. కరెంటు పోయినప్పుడు కోత మిషను ఆగకుండా ఆయనకొక జనరేటరుంది. దానికోసం పెట్టుకున్న పెట్రోలు క్యాను అక్కడుంది. మూత ఎప్పుడో పోయింది, దాని బదులు గుడ్డపేలిక కుక్కి ఉంది. క్యాను మీద, గుడ్డ మీద, చుట్టూ నేల మీద బూడిద రంగు పొడి వేలెడు మందం పేరుకుని ఉంది.

"ఆడబిడ్డ బండిని ఉత్తగా పంపుతారా ఎవురన్నా? మీయమ్మ నీ ఒళ్లో బియ్యం పోస్తాది. నేను బండ్లో పెట్రోలు పోస్తా."

తిట్టడానికి వీల్లేని తప్పు చేసినవాళ్ల మీద వచ్చేంత కోపం ఇంకెవరి మీదా రాదు. నెల రోజుల ఆమె అవస్థ, ఎలిజబెత్ ఏడుపు, నడిరోడ్డు మీద జనం నవ్వులు, అన్నీ కలిపి చూస్తే అది ఈయన ప్రేమ. ఆమె వంచిన తల ఎత్తకుండా మూడు ఇంజెక్టర్లు కడిగింది. తుంపర మంచు మాదిరి సన్నగా, సమానంగా పడింది. నాలుగోది మాత్రం ఎంత కడిగినా ఒక పక్కకే చిమ్ముతోంది. దాన్ని మందులో నానబెట్టి, కాసేపు నాయన మొహం చూడకుండా ఉంటే మంచిదని లోపలికి పోయింది. తల్లి ఉమామహేశ్వరమ్మ మజ్జిగ ఇచ్చి, ఏమైందని అడగలేదు. ఆ ఇంట్లో ఆచారిగారి సంగతి ఎవరికీ ఎవరూ వివరించాల్సిన అవసరం లేదు.

సుష్మ తిరిగొచ్చేసరికి ఆయన చేతులు తుడుచుకుంటున్నాడు. కాళ్లూ చేతులూ కడుక్కుని, తూర్పుకు తిరిగి కూర్చుని పని చేసినట్టున్నాడు. ఒళ్లో మెత్తటి గుడ్డ, గుడ్డలో దేవుళ్ల కంటిపాప దిద్దే సన్నటి ఉక్కు సూది. విగ్రహానికి ఆఖరున చేసే పని కన్ను తెరవడం. ఆ సూదిని ఆయన కొడుకు వరసవాళ్లను కూడా ముట్టుకోనివ్వడు. ఆ సూదితో ఆయన ఇంజెక్టర్ మొనకున్న వెంట్రుక సందులాంటి బెజ్జాలను ఒక్కొక్కటే పొడిచి సాఫు చేశాడు.

"తెరిసినా పో. ఇంగ సూడు ఎట్ల పడతాదో."

ఆమె వైరు తగిలించి సిరంజి నొక్కింది. తుంపర లేదు. చెంబుతో వంచి పోసినట్టు ధారగా కిందికి కారింది. వైరు తీసేసినా కారుతూనే ఉంది. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందని సామెత చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది, వినాయకుణ్ణి చేసేవాడి ఇంట్లో ఆ కోతి మన పాలిట పడితే తెలుస్తుంది. నంద్యాలలో దొరికే వస్తువు కాదది, ఆదివారం అసలే దొరకదు. తెల్లారితే పరీక్ష.

"నీ చేతికిందికి వచ్చేవి రాళ్లు కాబట్టి సరిపోయింది నాయనా. నోరు లేవు, ఏం చేసినా పడుంటాయి. మనుషుల బతుకుల మీద చెయ్యి పెట్టొద్దు నువ్వు."

జీవితంలో మొదటిసారి ఆయన దగ్గర సలహా లేదు. సూదిని గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టాడు. కాసేపటికి చూస్తే పెరట్లో లేడు. తెల్లచొక్కా వేసుకుని బస్టాండు వైపు పోయినాడని తల్లి చెప్పింది. అలిగి చెల్లెలింటికి పోయుంటాడని సుష్మ అనుకుంది. పోతే పోనీ అనుకుంది. ఆ తర్వాత ఎండలో అన్నం తినకుండా పోయిన మనిషి గురించి బాధపడింది, బాధపడుతున్నందుకు మళ్లీ కోపం తెచ్చుకుంది. ట్యాంకులో ఉన్న పెట్రోలంతా తోడి పారబోసి, ట్యాంకు కడిగింది. ఏం చేయాలో తోచక మిగతా మూడింటినీ ఇంకోసారి కడిగింది.

ఇంతలో మాబాషా ఫోను చేశాడు. ముందు నవ్వాడు, తర్వాత గొంతు తగ్గించాడు. ఆచారిగారు తన ఇంటికొచ్చాడట. తాను భోజనం ముందు కూర్చుని ఉన్నాడట.

"వాకిట్లో చేతులు కట్టుకొని నిలబడినాడమ్మా. తప్పు చేసినా బాషా, నీ పని నాకు తెలీదు అన్నాడు. పెద్దాయన అట్ల అంటే నాకే సిగ్గయింది. అన్నం కూడా సల్లగ తినలేకపోయినా."

తుక్కు కింద గుజరీకి తోలిన ఒక పాత కారులోంచి అదే రకం ఇంజెక్టర్ను ఊడదీసి, మిగతావాటితో పాటు సరిపోతుందో లేదో చూసి, కొత్త ఫిల్టరుతో కలిపి ఇచ్చి పంపాడట. సుష్మ ఫోను పెట్టేసింది. తాను అన్న మాట వెనక్కి తీసుకునే దారి వెతుక్కుంది, కనపడలేదు.

పొద్దు వాలే వేళకు ఆయన వచ్చాడు. తువ్వాలు ముడి విప్పి ఆమె చేతిలో పెట్టి, మాబాషా చెప్పినవన్నీ బడిపిల్లవాడిలా ఒప్పజెప్పాడు. ట్యాంకు కడగాల, ఫిల్టరు మార్చాల, రబ్బరు వాషర్లకు నూనె పూసి పెట్టాల, సూది పెట్టగూడదు. ఆఖరి మాట చెప్పేటప్పుడు ఆమె వైపు చూడలేదు. ఆమె బంకు నుంచి క్యానుతో తెచ్చిన పెట్రోలు పోసి, అన్నీ బిగించి, తాళం తిప్పింది. కారు ఒక్క పలుకుకే పలికింది. వణుకు లేదు, రంకె లేదు. బానెట్ మీద గ్లాసు పెడితే నీళ్లు తొణకనంత నిదానంగా ఉంది. నాయన అప్పుడు మొహం తుడుచుకున్నాడు. రేపు నేను కూడా వస్తా అన్నాడు. వద్దనడానికి సుష్మకు ఆ పూట నోరు రాలేదు.

సోమవారం పొద్దున నంద్యాల చేరి, పరీక్షకు ముందు బడి గ్రౌండులో ఒక్కసారి తిప్పిద్దామని ఎలిజబెత్‌ను పిలిపించింది. టీచరమ్మ కూర్చుని, ఎప్పటిలాగే కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుని, తన గురువు చెప్పింది చెప్పినట్టు గట్టిగా రేసు ఇచ్చి క్లచ్చు వదిలింది. కారు గట్టు దాకా దూకింది. సుష్మ పక్క సీట్లో తన కాళ్ల దగ్గర ఉన్న రెండో బ్రేకును తొక్కి ఉండకపోతే గోడకు పోయి తగిలేది. మళ్లీ చేయించింది. మళ్లీ దూకింది. రేసు తగ్గించక్కా అంటే ఆమె భయంతో కాలు మొత్తం తీసేస్తుంది, భయం పోగానే మళ్లీ అలవాటుగా అదిమేస్తుంది. నెల రోజులు అదిమిన కాలది, మాట వినదు. వెనక సీట్లో నాయన రెండు చేతులతో ముందు సీటు పట్టుకుని, సలహా ఒక్కటీ ఇవ్వకుండా కూర్చున్నాడు. అది ఇంకా భయంగా ఉంది.

ఎలిజబెత్ ఇంజన్ ఆపేసి కళ్లు తుడుచుకుంది.

"ఇది ఆ కారు కాదు సుష్మా. నాకు ఆ జబ్బు కారే వచ్చు."

సుష్మకు ఒళ్లు మండిపోయింది. ఈసారి మండింది తన మీదే. ఆదివారమంతా చేతులు బొబ్బలెక్కేలా కడిగి, ముసలాయన మనసు విరగ్గొట్టి, ఆయన్ను పరాయి వాకిట్లో నిలబెట్టి, కారుకు ఆరోగ్యం తెచ్చింది. తెచ్చి ఎలిజబెత్ కింద నేల లాగేసింది. ఆ కాలికి కొత్త అలవాటు నేర్పాలంటే వారమన్నా పడుతుంది, పరీక్షకు గంట కూడా లేదు. పగిడ్యాల ఆయన సాయంత్రం బస్సుకు వస్తాడు.

ఆర్టీవో ఆఫీసు ట్రాకు దగ్గర కార్లు వరసలో ఉన్నాయి. ఎలిజబెత్ పేరు పిలవడానికి ఇంకా ఇద్దరున్నారు. సుష్మ ఇంజన్ ఆపకుండానే బానెట్ ఎత్తి, ఒక్క క్షణం ఆ నాలుగు ఇంజెక్టర్ల వైపు చూసింది. చెయ్యి చాపి, అన్నిటికంటే దగ్గరగా, చివరన ఉన్న నాలుగోదాని వైరు ప్లగ్గు పీకేసింది. ఇంజన్ ఒక్కసారి ఉలిక్కిపడి, పాత చలిజ్వరంతో గడగడా వణకసాగింది. నాయన దగ్గరికొచ్చాడు.

"అది నేను తెచ్చింది గదమ్మే."

"అవును నాయనా. ఇప్పటికి అది లేకుండానే పోవాల. ఆయక్క నేర్చుకునింది ఈ వణుకు మీదనే."

ఆయన కూతురి మొహంలోకి, వణికే ఇంజన్లోకి మార్చి మార్చి చూశాడు. నెల రోజులు తాను పోసిన రాతిపొడి ఏం చేసిందో ఆయనకప్పుడు పూర్తిగా అర్థమైంది. నిన్న నేనన్నది తప్పు నాయనా, అంది సుష్మ, బానెట్ దించుతూ, ఆయన వైపు చూడకుండా. ఆయన సరేలే అన్నట్టు బానెట్ మీద తట్టాడు.

సీట్లో కూర్చున్న ఎలిజబెత్ ఆ వణుకు కాళ్లకు తగలగానే ఊపిరి వదిలింది. ఆ తర్వాత జరిగింది చూడ్డానికి సుష్మకు రెండు కళ్లూ చాలలేదు. కారు రంకె వేసుకుంటూ ఎనిమిది అంకె మీద చీమలాగా పాకింది, ఒక్క గీతకు తగల్లేదు. గట్టెక్కే చోట అందరి కార్లూ వెనక్కి జారాయి. ఎలిజబెత్ కారు జారలేదు, ఆగే కారును ఆగకుండా పట్టుకోవడం తప్ప ఆమె నెల రోజులుగా ఇంకేం చేసింది కనక. వెనక్కి పెట్టేటప్పుడు ఒకసారి ఇంజన్ ఆగింది. చేతికి అలవాటైన పని కాబట్టి, బళ్లో సుద్దముక్క తీసుకున్నంత మామూలుగా తాళం తిప్పి మళ్లీ కదిలించింది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ దిగుతూ, ఇట్లాంటి బండిని తోలినావంటే ఇంగ ఏ బండినైనా తోలతావమ్మా, పాస్ అన్నాడు. సుష్మ నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగింది. ఆ పెద్దమనిషి అన్నదాంట్లో మొదటి సగమే నిజం.

ఎలిజబెత్ కారు దిగి ఫోను తీసింది. సుష్మకూ వినపడాలని స్పీకరు వేసింది. పాసయ్యానని చెప్పింది. అప్పుడు ప్రదీప్ గొంతు వచ్చింది, సాయంత్రం వచ్చే ఆయనకు ఏం చెప్పమంటావని. కారు అమ్మేది లేదని చెప్పమంది.

"అయితే సాయంత్రం నన్ను యాడికన్నా తీస్కపో. యాడికైనా సరే. ముందు సీట్లో కూసుంటా."

ఎలిజబెత్ సుష్మ వైపు చూసింది. ఆ చూపులో సంతోషం ఎంతుందో భయమూ అంతే ఉంది. బాగున్న కారు తనకు రాదని ఆమెకూ తెలుసు. సుష్మ బానెట్ ఎత్తి, ఇంకా ఆడుతున్న ఇంజన్‌కు ప్లగ్గును తిరిగి తగిలించింది. వణుకు ఆగిపోయింది.

"సాయంత్రం ఈ కారే తెస్తా, గ్రౌండుకు పోదాం. అన్నను ముందరనే కూసోబెట్టక్కా, నేను యెనకాల కూసుంటా," అంది. "ఆ సీటు ముందర కాళ్లకాడ బ్రేకుంది. నువ్వు దూకించినప్పుడు తొక్కాలంటే కండ్లు అక్కర్లే. ఇన్నేండ్లు తోలిన మనిషి, ఆయన కాలికి తెలుస్తాది."